ఆటిజం థెరపీ, శిక్షణ, అవగాహన సభ: పేరు చూసి కాదు, లోపల జరిగేది చూసి ఎంచుకోండి

డాక్టర్ ఆటిజం అని చెప్పిన వారం లోపే తల్లిదండ్రుల ఫోన్ నిండా సలహాలు చేరతాయి. ఒకరు ఏబీఏ అనే ప్రవర్తన థెరపీ పెట్టించమంటారు. ఇంకొకరు ఓటీ, అంటే ఆక్యుపేషనల్ థెరపీ వెంటనే మొదలుపెట్టకపోతే ఆలస్యమైపోతుందని భయపెడతారు. మరొకరు ఏదో ఆన్‌లైన్ కోర్సు లింకు పంపుతారు. ఏప్రిల్ నెల దగ్గరపడితే అవగాహన సదస్సు పోస్టర్లు కూడా మొదలవుతాయి. ఇవన్నీ ఒకే గాటన కట్టే విషయాలు కావు. థెరపీ పిల్లల కోసం, శిక్షణ పిల్లలతో గడిపే పెద్దల కోసం, అవగాహన సభ చుట్టుపక్కల జనం కోసం. ఒకటి చేయాల్సిన పని ఇంకొకటి చేయలేదు. ఎన్ని సభలకు వెళ్లినా బాబుకి అడగడం రాదు. ఎంత మంచి థెరపీ ఇప్పించినా, క్లాసులో టీచర్‌కి ఏమీ తెలియకపోతే నేర్చుకున్నది అక్కడ పనికిరాదు.

మూడింటికీ నేను వాడే ప్రశ్న మాత్రం ఒక్కటే. ఆ గది లోపల నిజంగా ఏం జరుగుతోంది? బోర్డు మీద రాసిన పద్ధతి పేరు ఆ సంగతి చెప్పదు. అదే పేరుతో ఒక చోట పాప నవ్వుతూ నేర్చుకుంటుంది, ఇంకో చోట ఏడుస్తున్నా కుర్చీలోంచి లేవనివ్వరు.

ముందు తేల్చుకోవాల్సినవి

థెరపీల పోలికలోకి వెళ్లే ముందు చేయించాల్సిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. మాటలు ఆలస్యమైన ప్రతి పిల్లవాడికీ వినికిడి పరీక్ష జరగాలి. చప్పుడుకి తల తిప్పుతున్నాడు కదా అనుకుని వదిలేయకూడదు. కొన్ని రకాల శబ్దాలే వినపడే పిల్లలూ ఉంటారు. నిద్ర సరిగ్గా లేకపోయినా, మలబద్ధకం వేధిస్తున్నా, ఫిట్స్ అనుమానం ఉన్నా డాక్టర్‌తో ముందే మాట్లాడాలి. రాత్రంతా నిద్రలేని పిల్లవాడికి పొద్దున్నే సెషన్ పెట్టి, 'సహకరించడం లేదు' అని ఫైల్లో రాయడం అన్యాయం.

నెట్‌లో దొరికే ఎం-చాట్-ఆర్ ప్రశ్నావళిని చాలామంది చూసే ఉంటారు. అది 16 నుంచి 30 నెలల పిల్లల కోసం తయారుచేసింది, అవును-కాదు అని చెప్పే 20 ప్రశ్నలుంటాయి. అనుమానం ఉందా లేదా అన్నంత వరకే దాని పని. నిర్ధారణ చేయాలంటే శిక్షణ పొందిన నిపుణులు పిల్లవాణ్ణి నేరుగా గమనించాలి, ఎదుగుదల గురించి మీతో వివరంగా మాట్లాడాలి. ఏడాస్-2 లాంటి సాధనాలు ఉన్నది అందుకే. అనుభవం ఉన్నవాళ్లు రెండేళ్ల వయసుకే నమ్మకంగా చెప్పగలరు. అయితే కాగితం చేతికి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. మాటలు రావడం లేదని కళ్లకు కనిపిస్తున్నప్పుడు స్పీచ్ థెరపిస్ట్‌ని కలవడానికి ఆటిజం అన్న మాట ఖరారు కానవసరం లేదు.

రిపోర్టులో కనిపించే లెవెల్ 1, 2, 3 అన్నవి 2013లో వచ్చిన డీఎస్ఎం-5 అనే అమెరికా నిర్ధారణ పుస్తకం తెచ్చినవి. ఆస్పర్జర్స్ లాంటి విడి పేర్లను అదే తీసేసి అన్నిటినీ ఆటిజం స్పెక్ట్రమ్‌లో కలిపింది. లెవెల్ అంటే ప్రస్తుతం ఎంత తోడ్పాటు కావాలన్న అంచనా. పదేళ్ల తర్వాత పిల్లవాడు ఎలా ఉంటాడో అది చెప్పదు. లెవెల్ 1 కదా అని ఊరుకోవడం, లెవెల్ 3 అన్నారని కుంగిపోవడం, రెండూ తొందరపాటే.

థెరపీల్లో ఏది?

ఎక్కువ వాదన నడిచేది ఏబీఏ మీద. ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, సరైన ప్రయత్నం చేయగానే మెప్పో, ఇష్టమైన వస్తువో ఇస్తూ నేర్పడం దాని పద్ధతి. 1987లో ఐవార్ లోవాస్ ప్రచురించిన అధ్యయనం దీనికి పెద్ద పేరు తెచ్చింది. వారానికి 40 గంటలు శిక్షణ పొందిన 19 మంది పిల్లల్లో 9 మంది మామూలు తరగతిలో నెగ్గుకొచ్చే స్థాయికి చేరారని అందులో ఉంది. సెంటర్లు ఇప్పటికీ 'వారానికి 40 గంటలు' అనడం అక్కణ్ణుంచి వచ్చిందే. కానీ ఆ అధ్యయనంలో ఎవరికి ఏ చికిత్స అన్నది లాటరీ తీసినట్టు నిర్ణయించలేదు, కాబట్టి ఫలితాన్ని పూర్తిగా నమ్మలేం. పైగా గట్టిగా గద్దించడం, తొడ మీద కొట్టడం లాంటి శిక్షలు కూడా వాడారు. ఈ రెండో సంగతి బ్రోచర్లలో కనపడదు.

తర్వాతి కాలంలో ఆ శిక్షలు చాలావరకు పోయాయి. అయినా చిన్నప్పుడు ఏబీఏలో గడిపి ఇప్పుడు పెద్దవాళ్లైన ఆటిస్టిక్ వ్యక్తులు కొందరు చెప్పేది తప్పక వినాలి. చేతులు ఊపొద్దని, కళ్లలోకి చూడమని గంటలకొద్దీ సాధన చేయించారని, మామూలుగా కనిపించడం నేర్చుకున్నాం గానీ ఆ నటనతో లోపల అలిసిపోయామని వాళ్లు అంటారు. ఈ వాదనలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. టాయిలెట్, బట్టలు వేసుకోవడం, కావలసింది అడగడం, రోడ్డు దాటడం లాంటివి మెట్లు మెట్లుగా నేర్పితే పిల్లలకు నిజంగా మేలు. ఎవరికీ దెబ్బ తగలని చేతి ఊపును మాన్పించడానికి అదే పద్ధతి వాడితే సమయం వృథా, పైగా హాని. ఐ కాంటాక్ట్‌ని ఒక లక్ష్యంగా రాసిన ప్లాన్ కనిపిస్తే నేను ఇంకో సెంటర్ వెతుక్కుంటాను.

ఏబీఏ సూత్రాలనే ఆటలోకి తెచ్చిన పద్ధతులు ఇంకొన్ని ఉన్నాయి. ఎర్లీ స్టార్ట్ డెన్వర్ మోడల్, జాస్పర్, పివోటల్ రెస్పాన్స్ ట్రీట్‌మెంట్ ఆ కోవలోవి. వీటిలో పెద్దవాళ్లు పిల్లవాడి ఇష్టం వెంట వెళతారు. బాబు బొమ్మ కారు చక్రం తిప్పుతుంటే మీరూ పక్కన కూర్చుని తిప్పుతారు. ఆపి, వాడు ఏదో ఒక విధంగా 'ఇంకా' అని చెప్పేదాకా ఆగుతారు. మాటో, సైగో, ఒక చూపో రాగానే మళ్లీ తిప్పుతారు. విడిగా బహుమతి ఇవ్వనక్కర్లేదు, ఆట సాగడమే బహుమతి. సాలీ రోజర్స్, జెరాల్డిన్ డాసన్ బృందం 2010లో డెన్వర్ మోడల్ మీద ప్రచురించిన అధ్యయనంలో 18 నుంచి 30 నెలల పిల్లలు 48 మంది ఉన్నారు. వాళ్లను లాటరీ పద్ధతిలోనే రెండు గుంపులు చేశారు. రెండేళ్ల తర్వాత ఈ పద్ధతి అందిన పిల్లలు భాషలో, రోజువారీ పనుల్లో రెండో గుంపు కంటే ముందున్నారు. నాలుగేళ్ల లోపు పిల్లలకు రెండు రకాలూ అందుబాటులో ఉంటే నేను మొగ్గేది ఇటువైపే.

స్టాన్లీ గ్రీన్‌స్పాన్, సెరీనా వీడర్ రూపొందించిన ఫ్లోర్‌టైమ్ కూడా నేల మీద కూర్చుని పిల్లవాడి ఆటలో చేరే పద్ధతే. దానిలో లెక్కగా కొలిచే లక్ష్యాల కంటే అనుబంధానికి పెద్ద పీట. పరిశోధన బలం డెన్వర్ మోడల్ అంత లేదు. అయినా పిల్లవాడితో ఆడడమే మర్చిపోయి టెన్షన్‌లో మునిగిపోయిన ఇంట్లో దీని వల్ల వాతావరణం తేలికపడుతుంది.

తల్లిదండ్రుల ద్వారా సాగే పద్ధతుల్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. డబ్బు కట్టి మళ్లీ మేమే చేసుకోవాలా అన్నది వాళ్ల బాధ. బ్రిటన్‌లో జరిగిన ప్యాక్ట్ అనే అధ్యయనం ఈ చిన్నచూపుకి మంచి జవాబు. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు 152 మంది అందులో ఉన్నారు. థెరపిస్ట్ ఎక్కువగా పనిచేసింది పిల్లలతో కాదు. తల్లి లేదా తండ్రి బిడ్డతో ఆడుతున్న వీడియో తీసి, దాన్ని వాళ్లతో కలిసి చూస్తూ 'ఇక్కడ పాప మీకేదో చెప్పబోయింది, గమనించారా' అని చూపించేవారు. మిగతా సాధన ఇంట్లో, రోజుకు అరగంట వరకు. 2010లో వచ్చిన మొదటి ఫలితాల్లో తల్లీబిడ్డల మధ్య సంభాషణ బాగుపడింది గానీ ఆటిజం లక్షణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అదే పిల్లల్ని ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షించి 2016లో ప్రచురించినప్పుడు లక్షణాల తీవ్రత కూడా ఈ పద్ధతి అందని రెండో గుంపు పిల్లల కంటే తక్కువగా కనపడింది. థెరపిస్ట్ వారంలో కొద్ది గంటలే ఉంటారు, ఇంట్లోవాళ్లు రోజంతా ఉంటారు. నా మాట అడిగితే, ఏ థెరపీ ఎంచుకున్నా దానిలో మీకు నేర్పే భాగం ఉండి తీరాలి. తలుపు అవతల కూర్చోబెట్టి 'గంట తర్వాత రండి' అనే చోట ఆ భాగం ఉండదు.

స్పీచ్ థెరపీ విషయంలో ఒక భయం మాత్రం పోగొట్టాలి. బొమ్మల కార్డులో, మాట్లాడే ట్యాబ్‌లెట్టో ఇస్తే పిల్లవాడికి బద్ధకం పెరిగి ఇక మాటలు రావని చాలామంది నమ్ముతారు. పరిశోధనల్లో దీనికి ఆధారం దొరకలేదు. 2006లో వచ్చిన ఒక సమీక్షలో, మాటకు సాయంగా ఇలాంటి పద్ధతులు వాడిన 27 మంది వివరాలు చూస్తే ఎవరికీ మాటలు తగ్గలేదు, ఎక్కువమందికి కొంతైనా పెరిగాయి. కాబట్టి 'మాటలు వచ్చేదాకా ఆగి, రాకపోతే కార్డులు చూద్దాం' అన్న సలహా తప్పు. ఆగిన ఆ కాలమంతా పిల్లవాడు చెప్పలేక అరుస్తాడు. దాన్ని మనం మొండితనం అంటాం.

కార్డులా, ట్యాబ్‌లెట్టా? ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ 1985లో రూపొందించిన పెక్స్ పద్ధతిలో పిల్లవాడు బొమ్మ కార్డు తెచ్చి ఎదుటివాళ్ల చేతిలో పెడతాడు. తనంతట తాను మనిషి దగ్గరకు రావడం ఇందులో గొప్ప లాభం. ఛార్జింగ్ అక్కర్లేదు, పోయినా మళ్లీ చేసుకోవచ్చు. కాకపోతే కార్డులు వందల్లోకి వెళ్లాక మోయడం, వెతకడం కష్టం. ట్యాబ్‌లెట్‌లో వేల మాటలు పడతాయి, గొంతు వినిపిస్తుంది, పక్క గదిలో ఉన్నవాళ్లని కూడా పిలవొచ్చు. ఖర్చు ఎక్కువ, ఛార్జింగ్ అయిపోతే నోరు మూతపడినట్టే. రెండిట్లో ఏదైనా పెద్దవాళ్లు కూడా దాని మీదే వేలు పెట్టి మాట్లాడుతూ చూపించాలి. వాడు అల్లరి చేశాడని దాన్ని లాక్కోకూడదు. వీడియోలు చూసే ట్యాబ్‌లెట్, మాట్లాడే ట్యాబ్‌లెట్ వేరుగా ఉంటే ఆ గొడవలు సగం తగ్గుతాయి.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఎవరో పక్కన కూర్చుని పిల్లవాడి చెయ్యి పట్టుకుని అక్షరాలు నొక్కిస్తే పేరాలకు పేరాలు వచ్చేస్తాయి అనే ఫెసిలిటేటెడ్ కమ్యూనికేషన్ వేరే సంగతి. ఆ మాటలు పట్టుకున్నవాళ్లవేనని ప్రయోగాల్లో పదే పదే తేలింది. స్పీచ్ థెరపిస్టుల అమెరికా సంఘం 2018లో దాన్ని వాడొద్దని చెప్పింది. ఎదుట అక్షరాల బోర్డు పట్టుకుని గబగబా ప్రశ్నలు వేసే రాపిడ్ ప్రాంప్టింగ్‌ని కూడా సిఫారసు చేయలేదు.

ఓటీ అంటే చాలా చోట్ల ఊయల, బాల్ పూల్, బ్రష్‌తో రుద్దడం అన్న అర్థం వచ్చేసింది. నిజానికి రోజువారీ పనులు చేసుకోగలగడం ఓటీ అసలు లక్ష్యం. జీన్ ఏయర్స్ అభివృద్ధి చేసిన సెన్సరీ ఇంటిగ్రేషన్ అందులో ఒక భాగమే. అడగాల్సింది చాలా తేలిక: 'ఈ ఊయల వల్ల వీడికి ఏ పని తేలికవుతుందని మీ ఉద్దేశం? మూడు నెలల్లో ఎలా తెలుస్తుంది?' జుట్టు కత్తిరించుకోవడం, పళ్లు తోముకోవడం, గోల ఉన్న చోట నిలబడగలగడం లాంటి జవాబు వస్తే సరే. 'బ్రెయిన్ యాక్టివేట్ అవుతుంది' అన్నారంటే మీరు కట్టేది ఊయల అద్దె.

బడి వయసు పిల్లలకు టీచ్ అనే పద్ధతి నాకు ఇష్టం. ఎరిక్ షాప్లర్ నాయకత్వంలో నార్త్ కరోలినాలో 1972 నుంచి రాష్ట్రమంతా నడిచిన కార్యక్రమం అది. పిల్లవాణ్ణి మార్చే ముందు గదిని మార్చండి అన్నట్టుంటుంది దాని తీరు. ఎక్కడ ఏం చేయాలో బొమ్మలతో చూపే రోజు పట్టిక, పని ఎంత ఉందో, ఎప్పుడు అయిపోతుందో కంటికి కనిపించే అమరిక. దీనికి ప్రత్యేక సెంటరే అక్కర్లేదు, ఒప్పుకునే టీచర్ ఒకరుంటే మామూలు క్లాసులోనే చాలా చేయొచ్చు. పెద్ద పిల్లల్లో, పెద్దవాళ్లలో అసలు సమస్య తరచుగా ఆందోళన అవుతుంది. అప్పుడు వెతకాల్సింది ఆటిస్టిక్ వాళ్లకు తగ్గట్టు మార్చిన సీబీటీ, అంటే ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకోవడం నేర్పే కౌన్సెలింగ్. ఇరవై ఏళ్ల వ్యక్తిని చిన్నపిల్లల సెంటర్లో బ్లాకులు పేర్చమనడం మాత్రం చూడలేం.

గంటల లెక్క

ఎన్ని గంటలు ఉంటే అంత మంచిదన్న మాట వ్యాపారానికి బాగా కలిసొచ్చింది. 2024లో 144 అధ్యయనాల్లోని 9,038 మంది పిల్లల వివరాలు కలిపి విశ్లేషించినప్పుడు, గంటలు పెరిగేకొద్దీ ఫలితం పెరుగుతుందనడానికి గట్టి ఆధారం దొరకలేదు. అంటే తక్కువ చాలని కాదు. పిల్లవాడి వయసు, ఓపిక, నిద్ర, ఆడుకునే సమయం, ఇంట్లోవాళ్ల స్తోమత చూసుకుని గంటలు నిర్ణయించాలి. అప్పు చేసి 40 గంటలు కొనాల్సిన పని లేదు. మూడేళ్ల పిల్లవాడికి పెద్దల ఉద్యోగమంత పని వారం ఉండడం నాకైతే మింగుడుపడదు.

సెంటర్‌కి చూడ్డానికి వెళ్లినప్పుడు

మాటలు తక్కువ వినండి, ఎక్కువ చూడండి. ఒక సెషన్ చూడనిమ్మని అడగండి. వేరే పిల్లల గోప్యత కోసం వద్దంటే అది న్యాయమే, మీ పిల్లవాడి సెషనైనా చూపించాలి. సొంత బిడ్డ సెషన్ చూడ్డానికి కూడా వీల్లేదంటే అక్కడితో మాట ముగించండి. సీసీ కెమెరా పెట్టాం కదా అన్నది జవాబు కాదు.

గమనించాల్సినవాటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యం, పిల్లవాడు వద్దన్నప్పుడు ఏం జరుగుతోందన్నది. తల తిప్పేశాడు, వస్తువు తోసేశాడు, ఏడుపు మొదలెట్టాడు. థెరపిస్ట్ కాస్త ఆగి, పని తేలిక చేసి, లేదా మార్చి మళ్లీ ప్రయత్నిస్తున్నారా? లేక చేతులు పట్టుకుని బలవంతంగా చేయించి 'కంప్లీటెడ్' అని రాస్తున్నారా? పెద్దవాళ్లు ఏం చెప్పినా చెయ్యాల్సిందే అని నేర్చుకున్న పిల్లవాడు రేపు చెడు ఉద్దేశంతో వచ్చినవాళ్ల మాట కూడా వింటాడు. వద్దని చెప్పడం వాడికి రక్షణ. మెల్ట్‌డౌన్, అంటే తట్టుకోలేక పిల్లవాడు అదుపు తప్పే స్థితి వస్తే ఏం చేస్తారని కూడా అడగండి. ఒంటరిగా గదిలో పెట్టేస్తాం, గట్టిగా పట్టుకుంటాం అన్న జవాబులు వస్తే ఆ చోటు వద్దు.

రెండోది, మీ బిడ్డతో రోజూ ఎవరు కూర్చుంటారు? గోడ మీద సర్టిఫికెట్లు ఒకరివి, గదిలో కూర్చునేది వేరొకరు కావడం మామూలే. కొత్తవాళ్లు ఉండడం తప్పు కాదు. వాళ్లను చూసి సరిదిద్దే సీనియర్ ఎంత తరచుగా వస్తారన్నది తెలుసుకోండి. నాలుగు నెలల్లో ముగ్గురు థెరపిస్టులు మారితే ఏ పద్ధతైనా పనిచేయదు.

లక్ష్యాలు కాగితం మీద ఉండాలి. 'కమ్యూనికేషన్ మెరుగుపరచడం' అన్నది లక్ష్యం కాదు. 'దాహం వేసినప్పుడు రోజులో ఎక్కువసార్లు తనే కార్డు తెచ్చి అడగడం' అన్నది లక్ష్యం. దాన్ని ఇంట్లో మీరే చూసి అవునో కాదో చెప్పగలరు.

నయం చేస్తామనే చోట ఆగకండి. కీలేషన్, అంటే ఒంట్లోంచి లోహాలు తీసే మందులు ఎక్కించడం వల్ల 2005లో అమెరికాలో ఐదేళ్ల ఆటిస్టిక్ పిల్లవాడు చనిపోయాడు. బ్లీచింగ్ ద్రావణం తాగించేవాళ్లు, ఆక్సిజన్ ఛాంబర్లు అమ్మేవాళ్లు, స్టెమ్ సెల్ ప్యాకేజీలవాళ్లు కూడా ఇదే బాపతు. ఆటిజం మూల లక్షణాలకు ఆమోదం పొందిన మందంటూ లేదు. రిస్పెరిడోన్ 2006లో, అరిపిప్రజోల్ 2009లో అమెరికాలో ఆమోదం పొందింది తీవ్రమైన చిరాకు, దాడి చేయడం లాంటి ఇబ్బందులకు. అవి డాక్టర్ పర్యవేక్షణలో మాత్రమే వాడాలి.

'మా బాబుకి వాడాం, తేడా వచ్చింది' అనే తల్లిదండ్రులు అబద్ధం చెబుతున్నారని కాదు. 1990ల చివర్లో సీక్రెటిన్ అనే హార్మోన్ ఇంజెక్షన్‌తో ఆటిజం తగ్గుతుందని పెద్ద హడావిడి నడిచింది. ప్రయోగం చేసి 1999లో ఫలితాలు ప్రచురిస్తే, అసలు మందు తీసుకున్న పిల్లలూ ఉత్త సెలైన్ తీసుకున్న పిల్లలూ ఒకే రీతిలో మెరుగైనట్టు కనపడ్డారు. ఆశతో చూసే కళ్లకు తేడా కనపడుతుంది. పైగా పిల్లలు ఎదుగుతూనే ఉంటారు. అందుకే ఒక్క కుటుంబం అనుభవం విని పెద్ద నిర్ణయం తీసుకోకూడదు, ఆ కుటుంబం ఎంత మంచిదైనా.

శిక్షణ తీసుకోవాలనుకునేవాళ్లకు

శిక్షణ వెతుక్కునేవాళ్లు మూడు రకాలు, ముగ్గురికీ ఒకే కోర్సు పనికిరాదు. తల్లిదండ్రులైతే ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన కేర్‌గివర్ స్కిల్స్ ట్రైనింగ్‌ని ముందు చూడండి. రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల కుటుంబాల కోసం, 9 గ్రూపు సెషన్లు, 3 సార్లు ఇంటికి వచ్చి చూడడం అన్న పద్ధతిలో రూపొందించారు. నిపుణులు కాని వాళ్లు కూడా శిక్షణ పొంది నడపగలిగేలా ఉంటుంది. ఆన్‌లైన్ రూపం కూడా ఉంది, కాకపోతే ఇంటికి వచ్చి 'ఇక్కడ కాస్త ఆగి చూడండి' అని చెప్పే మనిషి అందులో ఉండరు. గ్రూపు దొరికితే గ్రూపుకే వెళ్లండి, అక్కడ కలిసిన తల్లిదండ్రులు తర్వాత కూడా తోడుంటారు.

టీచర్లకు స్కూళ్లు తరచుగా ఏర్పాటు చేసేది ఒక్కరోజు వర్క్‌షాప్. ఆ సాయంత్రం అందరూ ఉత్సాహంగా ఉంటారు, సోమవారం క్లాసు పాత పద్ధతిలోనే నడుస్తుంది. వినడం వల్ల సమాచారం వస్తుంది గానీ చేతి అలవాటు మారదు. బాగా పనిచేసే శిక్షణలో నాలుగు ఉంటాయి: చెప్పడం, చేసి చూపించడం, మీ చేత చేయించడం, చూసి సరిదిద్దడం. చివరి రెండూ ఖర్చుతో కూడినవి కాబట్టి మొదట కోతపడేవీ అవే. స్కూల్ యాజమాన్యం దగ్గర ఒక్క వర్క్‌షాప్‌కే డబ్బుంటే, వందమందిని హాల్లో కూర్చోబెట్టడం కంటే ఇద్దరు టీచర్ల క్లాసులోకి నెలకోసారి వచ్చి చూసే మనిషిని పెట్టుకోమంటాను. క్లాసులో పిల్లవాడి పక్కనే ఉండే షాడో టీచర్‌కి కూడా ఇది వర్తిస్తుంది. పిల్లవాడి పని తనే చేసిపెట్టకుండా ఎప్పుడు వెనక్కి తగ్గాలో ఎవరో నేర్పితే తప్ప రాదు.

ఉద్యోగం కోసం చూసేవాళ్లు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. ఏబీఏలో ఆర్బీటీ అనే సర్టిఫికెట్ అంటే 40 గంటల శిక్షణ, నైపుణ్య పరీక్ష, రాత పరీక్ష. అది సహాయకుల స్థాయి అర్హత. దాంతో సొంతంగా సెంటర్ పెట్టడానికి, ప్రోగ్రాం రాయడానికి అర్హత రాదు. పైవాళ్ల పర్యవేక్షణ నెలలో పనిచేసిన గంటల్లో కనీసం 5 శాతం ఉండాలన్నది నియమం. దాని పై స్థాయి సర్టిఫికెట్ అయిన బీసీబీఏకి మాస్టర్స్ డిగ్రీ, ఆపైన సాధారణంగా 2,000 గంటల పర్యవేక్షిత అనుభవం కావాలి. ఈ సర్టిఫికెట్లు ఇచ్చే బోర్డు 2023 నుంచి కొద్ది దేశాల్లో నివసించేవాళ్ల దరఖాస్తులే తీసుకుంటోంది. కాబట్టి 'ఇంటర్నేషనల్ సర్టిఫికేషన్' అని ఊరించే కోర్సుకి డబ్బు కట్టే ముందు, మీరు ఉండే చోటు నుంచి పరీక్ష రాయడానికి వీలుందా అన్నది బోర్డు నియమాల్లోనే చూసుకోండి. స్పీచ్ థెరపీ, ఓటీ, స్పెషల్ ఎడ్యుకేషన్ డిగ్రీలకు ఏళ్లు పడుతుంది. కానీ వాటితో దారి ఆటిజం ఒక్కదానికే పరిమితం కాదు, చాలా దేశాల్లో చట్టబద్ధమైన గుర్తింపు కూడా ఉంటుంది. చిన్న వయసువాళ్లు నన్నడిగితే డిగ్రీవైపే వెళ్లమంటాను, పద్ధతుల సర్టిఫికెట్లు తర్వాత చేర్చుకోవచ్చు.

ఏ కోర్సైనా అడగాల్సింది ఒకటుంది. పాఠాల్లో ఆటిస్టిక్ పెద్దవాళ్లు ఎవరైనా బోధిస్తున్నారా? ఆటిస్టిక్ పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో ఒక మాట ముందుకు తెచ్చారు. ఆటిస్టిక్ వాళ్లకు ఎదుటివాళ్లు అర్థం కానట్టే, ఎదుటివాళ్లకూ ఆటిస్టిక్ వాళ్లు అర్థం కారు, లోటు ఇద్దరిదీ అని. ఈ రెండో సగం లేని కోర్సు చదివినవాళ్లు పిల్లవాణ్ణి సరిచేయడమే నేర్చుకుంటారు, వాణ్ణి చదవడం నేర్చుకోరు.

అవగాహన సభలు

ఐక్యరాజ్యసమితి 2007లో తీర్మానించి 2008 నుంచి జరుపుతున్న ప్రపంచ ఆటిజం అవగాహన దినం ఏప్రిల్ 2. నీలం దీపాలు, నడకలు, ఉపన్యాసాలు ఎక్కువగా ఆ రోజుల్లోనే. జూన్ 18న జరిగే ఆటిస్టిక్ ప్రైడ్ డే 2005లో ఆటిస్టిక్ వ్యక్తులే మొదలుపెట్టింది. రెండింటి స్వరం వేరు. మొదటిదానిలో తరచుగా 'వాళ్ల గురించి తెలుసుకుందాం' అన్న ధోరణి, రెండోదానిలో 'మేమిలా ఉంటాం' అన్న ధోరణి.

నడకలు, ర్యాలీల వల్ల దారినపోయేవాళ్లకు పెద్దగా తెలిసేదేమీ లేదు. కానీ కొత్తగా నిర్ధారణ అయిన కుటుంబానికి అదే మొదటిసారి తమలాంటి వాళ్లు పదుల సంఖ్యలో కనిపించే చోటు. ఆ ఒక్క కారణానికి వెళ్లమంటాను. నిపుణుల ఉపన్యాసాలకు వెళితే నిర్వాహకులెవరో, ఖర్చు ఎవరు పెట్టారో చూడండి. వేదిక మీద ప్రసంగం, గుమ్మంలో అదే పేరుతో మందుల స్టాల్ ఉంటే అది ప్రకటన. టీకాల వల్ల ఆటిజం వస్తుందని మొదలుపెడితే లేచి వచ్చేయొచ్చు. 1998లో 12 మంది పిల్లలతో ఆ పుకారు లేపిన వ్యాసాన్ని లాన్సెట్ పత్రిక 2010లో వెనక్కి తీసుకుంది.

అన్నిటికంటే విలువైనవి ఆటిస్టిక్ వ్యక్తులు స్వయంగా మాట్లాడేవి, టైప్ చేసి చెప్పేవాళ్లతో సహా. ఆ తర్వాత స్థానం ఒక నిర్దిష్టమైన గుంపు కోసం పెట్టే చిన్న సమావేశాలది. బస్సు సిబ్బందికి, పోలీసులకు, ఆసుపత్రి రిసెప్షన్‌లో పనిచేసేవాళ్లకు గంటసేపు చెప్పి, వాళ్ల చేత ఒక మార్పు చేయించడం. రిసెప్షన్‌లో వేచి ఉండనక్కర్లేకుండా బయట నుంచే ఫోన్ చేసి పిలిపించుకునే ఏర్పాటు ఒక్కటి జరిగినా, వెయ్యిమంది నీలం చొక్కాలు వేసుకున్నదానికంటే ఎక్కువ కుటుంబాలకు పనికొస్తుంది.

మీరే సభ పెడుతుంటే, దానికి ఆటిస్టిక్ వ్యక్తి వచ్చి కూర్చోగలరా అన్నది ముందు చూసుకోండి. మైకు సౌండ్ తగ్గించాలి, మిణుకుమనే లైట్లు వద్దు, పక్కన ప్రశాంతంగా ఉండే గది ఒకటి ఉండాలి, కార్యక్రమం ఏ వరుసలో జరుగుతుందో ముందే ఫొటోలతో పంపాలి. చప్పట్లకు బదులు చేతులు గాల్లో ఊపమంటే సరిపోతుంది. పోస్టర్ మీద పజిల్ ముక్క పెట్టే ముందు కూడా ఆలోచించండి. 1963లో లండన్‌లో తల్లిదండ్రుల సంస్థ ఒకటి మొదట వాడిన గుర్తు అది, తొలి బొమ్మలో ఏడుస్తున్న బిడ్డ కూడా ఉంది. తామేదో అసంపూర్ణమని అది చెబుతోందని చాలామంది ఆటిస్టిక్ వ్యక్తులకు నచ్చదు. వాళ్లు ఎక్కువగా వాడేది రంగుల అనంతం గుర్తు. వేదిక మీద పిల్లల చేత ప్రదర్శనలిప్పిస్తుంటే, ఆ గోలలో నిలబడడం వాళ్లకి ఇష్టమో కాదో వాళ్లనే అడగాలి.

అన్నీ ఒకేసారి కుదరనప్పుడు

డబ్బు, సెలవు, ఓపిక ఎవరికీ అన్నిటికీ సరిపోవు. బిడ్డకు రెండు మూడేళ్లుండి మాటలు లేకపోతే, నేను ముందు పెట్టేది తల్లిదండ్రులకు నేర్పే కార్యక్రమం ఒకటి, కార్డులో ట్యాబ్‌లెట్టో వాడే స్పీచ్ థెరపిస్ట్ ఒకరు. ఓటీ అవసరాన్ని బట్టి. బడికి వెళ్లే పిల్లలైతే సెంటర్ గంటల్లో కొన్ని తగ్గించి, ఆ డబ్బు క్లాసు టీచర్‌కి చూపించే మనిషి మీద పెట్టడం మేలు. పెద్దవాళ్ల విషయంలో ఏది కావాలో వాళ్లనే అడగాలి. మాట లేని వ్యక్తి అయినా సరే, ఎంచుకోవడానికి రెండు ఫొటోలు ముందు పెట్టొచ్చు.

ఏది మొదలుపెట్టినా మూడు నెలలకు లక్ష్యాల కాగితం మళ్లీ తెరవండి. కొన్ని అందుకుంటే కొత్తవి రాయించండి. ఒక్కటీ కదలకపోతే ఎందుకో, ఏం మారుస్తారో అడగండి. 'ఇంకొంచెం టైమ్ పడుతుంది' తప్ప వేరే జవాబు లేకపోతే సెంటర్ మార్చే ఆలోచన చేయొచ్చు. మారేటప్పుడు రిపోర్టులతో పాటు సెషన్ వీడియోలు, పిల్లవాడు వాడే కార్డుల పుస్తకం కాపీ, వాడు దేనికి భయపడతాడో దేనికి నవ్వుతాడో రాసిన ఒక పేజీ తీసుకెళ్లండి. లేకపోతే కొత్త చోట మొదటి రెండు నెలలూ మీకు తెలిసినదాన్నే వాళ్లు మళ్లీ కనిపెడుతూ కూర్చుంటారు.